డౌటుంటే వదిలెయ్

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా వాళ్ళంతా అంటారు. అననివ్వండి. ఇంగ్లీషు విషయంలో మాత్రం నా కోపం న్యాయమైనదేనని మొన్నమొన్నటి దాకా నాకు గట్టి నమ్మకం. దుకాణం బోర్డు మీద తప్పు స్పెల్లింగు కనిపిస్తే దాటి పోలేకపోయేవాణ్ణి. లోపలికెళ్ళి చెప్పి వచ్చేవాణ్ణి. ఒకసారి ఒక మంగలి, "సార్, గడ్డం చేయించుకుంటారా, దారిస్తారా?" అన్నాడు. దారిచ్చాను గానీ, ఆ బోర్డు గుర్తొస్తే ఇప్పటికీ చెయ్యి దురదపెడుతుంది.

ఇదంతా ఎందుకంటే, నేను చేసిన పని చెప్పే ముందు నేనెలాంటివాణ్ణో మీకు తెలియాలి. అసలు చెప్పకుండా ఉంటే నాకు హాయి. కానీ చెప్పకుండా ఊరుకోవడం ఒకసారి చేసి చూశాను. ఆ ముచ్చట కూడా తీరింది.

పెద్దవాళ్ళని చూసుకునే హోమ్ ఒకటి మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఉంది. మూడంతస్తులు, నలభై మంచాలు. అక్కడ పనిచేసేవాళ్ళకి వారానికి ఐదు రోజులు, మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు దాకా నేను ఇంగ్లీషు చెప్పేవాణ్ణి. క్లాసు ఇస్త్రీ గదిలో. కంబళి పరిచిన పెద్ద బల్ల చుట్టూ పద్నాలుగు మంది కూర్చునేవాళ్ళు. ఆయాలు పదకొండు మంది, వంటావిడ, బట్టలుతికే ఆవిడ, గేటు దగ్గర వాచ్‌మన్. ఏప్రన్లు తగిలించే కొక్కేలకి నా బోర్డు వేలాడదీసేవాణ్ణి. ఎప్పుడు చూసినా వేడి గుడ్డల వాసన.

ఇంగ్లీషులో చూడ్డానికి ఒకేలా ఉండి, తీరా వాడబోతే కొంప ముంచే మాటలున్నాయి కదా, వాటికి నేను కవలలని పేరు పెట్టాను. అడ్వైస్, అడ్వైజ్. ఎఫెక్ట్, అఫెక్ట్. క్వైట్, క్వయెట్. స్టేషనరీ అంటే ఒకటి కాగితాలూ పెన్నులూ, ఇంకొకటి కదలకుండా నిలబడ్డది. ఇలాంటివి రెండొందల పన్నెండు జతలు ఏరి, చార్టు రాసి గోడకి అంటించాను. తప్పు చేసినవాళ్ళ పేరు కింద ఎర్ర గీత గీసేవాణ్ణి. నా జేబులో ఎర్ర పెన్ను తప్ప ఇంకో పెన్ను ఉండేది కాదు. ఎర్ర పెన్ను మాస్టారని వెనకాల అనుకునేవాళ్ళు. నాకది బిరుదులాగే ఉండేది.

ఈ క్లాసు ఎందుకు పుట్టిందంటే, కొత్తగా వచ్చిన మేట్రన్ ఒక పద్ధతి పెట్టింది. అంతకుముందు డ్యూటీ దిగే ఆయా, ఎక్కే ఆయాకి నోటితో చెప్పి పోయేది. ఫలానా ఆయన అన్నం తినలేదు, ఫలానా ఆవిడకి కాలు వాచింది అని. కొత్త నర్సుల్లో సగం మందికి మన భాష రాదు. అందుకని మంచానికో వరుస, షిఫ్టుకో గడి ఉన్న లావుపాటి డ్యూటీ పుస్తకం వచ్చింది. అందులో ఇంగ్లీషులోనే రాయాలి. రిపేర్లకి మనిషి రావాలన్నా అందులో రాసి ఉండాలి, మేట్రన్‌తో నోటితో చెబితే చెల్లదు. గడి ఖాళీగా ఉంటే, ఆ మంచం దగ్గర చెప్పాల్సిందేమీ లేదని లెక్క. ఈ చివరి సంగతి నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు. పుస్తకం ఎలా ఉంటుందో ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు. నాకు కావలసింది పరీక్ష.

ఆర్నెల్లలో ఆయాలందరూ ఒక రాతపరీక్ష పాసవ్వాలి. రెండు మాటల్లో సరైనది ఏరి రాయడం. తప్పు రాస్తే అర మార్కు పోతుంది, వదిలేస్తే ఏమీ పోదు. అందుకని నా క్లాసుకి మొదటి సూత్రం, డౌటుంటే వదిలెయ్. రోజూ క్లాసు చివర పద్నాలుగు మందీ గట్టిగా అనాలి. ఇస్త్రీ గది దద్దరిల్లిపోయేది. బయట మెట్ల దాకా వినిపిస్తోందని ఎవరో అంటే పొంగిపోయాను.

ఆ పద్నాలుగు మందిలో మా వదిన ఒకతి.

మా అన్న పెళ్ళి నాటికి నాకు నాలుగేళ్ళు. అమ్మ పోయి ఏడాది. వదినకి పద్దెనిమిది. కాపురానికి వచ్చిన మర్నాడే నన్ను చంకనెత్తుకుందని అన్న చెప్పేవాడు. నాకు అక్షరాలు దిద్దించింది ఆవిడే. తను చదివింది ఐదో తరగతి. నేనేమో తప్పు రాస్తానేమోనని బలపం పట్టుకుని బిక్కమొహం వేసుకు కూర్చునేవాణ్ణట. "ఏదో ఒకటి రాయి అబ్బాయ్, తర్వాత దిద్దుకుందాం," అనేది. అన్న పోయాక, పిల్లలు లేని మనిషి, ఇంట్లో ఒక్కతే ఏం చేస్తానంటూ హోమ్‌లో ఆయాగా చేరింది. పదిహేనేళ్ళయింది. ఎవరికి ఏ పక్కకి తిప్పితే నొప్పి, ఎవరు మంచినీళ్ళు అడగడానికి మొహమాటపడతారు, అన్నీ ఆవిడకి కంఠతా వచ్చు.

మొదటి రోజు నోట్‌బుక్‌కి అట్ట వేసుకుని అందరికంటే ముందొచ్చింది. "ఏం అబ్బాయ్, యాభై ఏడేళ్ళ ముసల్దానికి కూడా వస్తుందంటావా?" అని నవ్వింది. నేను చుట్టూ చూసి, గొంతు తగ్గించి, "క్లాసులో మాస్టారూ అనాలి వదినా. మిగతావాళ్ళ ముందు బాగుండదు," అన్నాను.

"అవును కదూ! మర్చేపోయాను. తప్పయిపోయింది మాస్టారూ," అంది. ఆ రోజు నుంచి ఆ గదిలో నన్ను మీరు అనే పిలిచింది. నన్ను చంకనెత్తుకు తిరిగిన మనిషి నన్ను మీరు అంటుంటే నాకేం ఇబ్బందనిపించలేదు. అది ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోతోంది.

రెండో నెలలో ఒక రోజు, తను చూసుకునే మనిషి గురించి తలా ఒక వాక్యం చెప్పమన్నాను. వదిన లేచి, డ్రైవర్ గారి గురించి చెప్పబోయింది. ఆయన బస్సు డ్రైవరుగా ముప్ఫై ఏళ్ళు చేసి రిటైరయిన మనిషి. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి మలుపు తిప్పితే కుడికాలు దానంతటదే బ్రేకు తొక్కేది. వదిన అంటే ప్రాణం పెట్టేవాడు. ఆయనకి పొద్దు పోవడం లేదని చెప్పాలని ఆవిడ ఉద్దేశం. అలవాటు లేని నాలుక కదా, "డ్రైవర్ గారు ఈజ్ బోరింగ్," అనేసింది.

విసుగెత్తినవాడు ఒకటి, విసుగెత్తించేవాడు ఇంకొకటి. చార్టులో నలభై మూడో జత. ఆ మాట చెప్పి కూర్చోబెడితే సరిపోయేది. నాకు నోరు ఊరుకుంటేనా!

"ఆయన బోరింగా? అయితే కొడితే నీళ్ళొస్తాయా వదిన గారూ? బిందె తెచ్చుకోమంటారా?" అన్నాను.

వీధి చివర బోరింగు పంపు దగ్గర నిలబడి హ్యాండిలు కొడుతున్నట్టు చేత్తో చేసి కూడా చూపించాను. గది ఘొల్లుమంది. వాచ్‌మన్ అయితే బల్ల మీద తల ఆనించి మరీ నవ్వాడు. వదిన కూడా చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ చెయ్యి చాలాసేపటి దాకా తియ్యలేదు. నేను ఆవిడ పేరు కింద ఎర్ర గీత గీసి తర్వాతి మనిషిని లేపాను.

మర్నాటి నుంచి వాచ్‌మన్ ఆవిణ్ణి బోరింగమ్మ అనడం మొదలెట్టాడు. గేటు దగ్గర, "బోరింగమ్మా, ఇవాళ నీళ్ళు బాగా పడుతున్నాయా?" అనేవాడు. నా చెవిన పడింది. గట్టిగా ఒక్క కసురు కసిరితే నోరు మూసుకునేవాడే. నేను నవ్వుకుంటూ లోపలికి పోయాను. నేను పుట్టించిన జోకు కదా, ముద్దొచ్చింది.

అప్పట్నుంచి వదిన క్లాసులో నోరు విప్పడం తగ్గించేసింది. నేను క్లాసులో పెట్టే పరీక్షల కాగితాల మీద కూడా సగం ఖాళీలే. రూలు బాగా ఒంటబట్టిందని నేను సంతోషించాను. మార్కులు పెరిగాయి మరి.

ఇక ఆ రోజు సంగతి. మంగళవారం. మధ్యాహ్నం రెండు కావడానికి ఇంకా పది నిమిషాలుంది. నేను ఇంట్లో పరీక్ష కాగితాలు దిద్దుతున్నాను. ఫోన్ మోగింది. వదిన. గొంతులో కంగారు.

"అబ్బాయ్, ఒక్క మాట. డ్రైవర్ గారి మంచం పక్క రెయిలింగు లూజుగా ఉంది, చెయ్యేస్తే ఊగుతోంది. పుస్తకంలో రాయాలి. లూజుకి ఒక ఓ నా, రెండు ఓలా? నర్సమ్మ ఇక్కడే నిలబడి ఉంది..."

మనం తెలుగులో లూజు అంటాం కాబట్టి ఇక్కడ నూటికి తొంభై మంది బోర్లా పడతారు. ఒక ఓ ఉన్నది పోగొట్టుకోవడం, జ్ అని పలుకుతుంది. రెండు ఓలున్నది వదులు, స్ అని పలుకుతుంది. మొదటి వారంలోనే చెప్పాను, చార్టులో ఏడో జత. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మళ్ళీ లూజేనా వదినా! ఎన్నిసార్లు చెప్పాను? క్లాసు పెట్టింది దేనికి? ఇప్పుడు నేను ఫోన్లో చెప్తే రేపు పరీక్షలో ఎవరు చెప్తారు? డౌటుంటే వదిలెయ్. రోజూ అరిపిస్తున్నానా లేదా?"

"సరే అబ్బాయ్. పనిలో ఉన్నట్టున్నావు. ఉంటాను," అంది.

ఫోన్ పెట్టేసి, మళ్ళీ దిద్దడంలో పడ్డాను. గట్టిగా చెప్పకపోతే వీళ్ళకి రాదు అనుకున్నాను కూడా.

మూడింటికి హోమ్‌కి వెళ్ళాను. ఎప్పట్లాగే క్లాసు చెప్పాను. వదిన బల్ల చివర కూర్చుంది. "ఎవరికైనా డౌట్లా?" అని అడిగాను. ఆవిడ తలెత్తి నన్ను చూసి, పక్కనే ఉన్న వాచ్‌మన్ని చూసి, తల దించుకుంది. నాలుగింటికి అందరం కలిసి డౌటుంటే వదిలెయ్ అని అరిచాం. మా నెత్తి మీద, పై అంతస్తులో, ఆ రెయిలింగు అలాగే ఉంది.

సాయంత్రం ఆరింటికి డ్రైవర్ గారు కళ్ళజోడు అందుకోబోయి రెయిలింగు మీద బరువు వేశాడు. అది ఊడొచ్చింది. ఆయన కింద పడ్డాడు. తుంటి ఎముక విరిగింది.

నాకు బుధవారం పొద్దున తెలిసింది. మేట్రన్ కబురు చేసింది, పదింటికి రమ్మని. రాత సంగతి కాబట్టి ఇంగ్లీషు మాస్టారు కూడా ఉంటే మంచిదని. దారి పొడుగునా నాకు ఒకటే ఆలోచన, వదిన ఏం చెప్తుందో అని. డ్రైవర్ గారు ఎలా ఉన్నాడో అని కాదు. ఉన్నమాట చెబుతున్నాను.

మేట్రన్ గదిలో బల్ల మీద డ్యూటీ పుస్తకం తెరిచి ఉంది. అదే మొదటిసారి నేను దాన్ని చూడటం. పైనా కిందా గడులన్నీ నిండి ఉన్నాయి. మా ఆయాల ఇంగ్లీషు తప్పులతడక, అయినా ఒక్కొక్కటీ ఇట్టే అర్థమవుతోంది. పన్నెండో మంచం, డ్రైవర్ గారిది, పగటి షిఫ్టు గడి మాత్రం తెల్లగా ఉంది. వదిన దానికి ఎదురుగా నిలబడి ఉంది, ఏప్రన్ మడత పెట్టి చేత్తో పట్టుకుని.

"సాయంత్రం షిఫ్టు వాళ్ళు ఖాళీ గడి చూసి అంతా బాగుందనుకున్నారు. ఊడిన చోట గుడ్డ పీలిక కట్టి ఉంది. అది కట్టింది మీరేనట. అంటే ఊగుతోందని మీకు తెలుసు. మరెందుకు రాయలేదు?" అంది మేట్రన్.

నేను వదిన వైపే చూశాను.

వదిన నా వైపు చూడలేదు. ఒక్కసారి కూడా చూడలేదు. "మర్చిపోయానమ్మా," అంది.

"గుడ్డ కట్టిన మనిషి రాయడం మర్చిపోయిందా?"

"మర్చిపోయానమ్మా. పెద్దదాన్నయ్యాను కదా."

ఆ ఒక్క క్షణం చాలు. నాకు ఫోన్ చేసింది, నేనే కసిరాను అనడానికి ఎంతసేపు పడుతుంది? నోరు తెరిచాను కూడా. ఈ క్లాసు పోతే నేను పాఠాలు చెప్పే మిగతా మూడు చోట్లా తెలుస్తుంది, ఎర్ర పెన్ను మాస్టారి పరువు పోతుంది, ఇన్నీ ఒక్క గుక్కలో గుర్తొచ్చాయి. తెరిచిన నోరు మూసుకున్నాను. వదినని ఇంటికి వెళ్ళమన్నారు. శుక్రవారం డ్రైవర్ గారి అమ్మాయి వస్తుంది, ఆవిడ ముందు మాట్లాడి తేలుస్తాం, అప్పటిదాకా డ్యూటీకి రావద్దన్నారు. తేల్చేది ఏమిటో అందరికీ తెలుసు. పని తీసేస్తారు.

వదిన బయటికి వెళ్ళాక మేట్రన్ నా వైపు తిరిగి, "మిగతావాళ్ళందరూ బాగానే రాస్తున్నారు. అది మీ చలవే," అంది.

నేను థాంక్యూ అన్నాను.

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. అలవాటు కొద్దీ వచ్చిందని ఎంత సర్దిచెప్పుకున్నా, మెట్లు దిగుతుంటే నన్ను చూసి నాకే అసహ్యం వేసింది. గేటు దగ్గర వాచ్‌మన్, "పాపం బోరింగమ్మ," అన్నాడు. వాడి కళ్ళలో నిజంగానే జాలి ఉంది. నాకు తల కొట్టేసినట్టయి బయటపడ్డాను.

ఆ రోజంతా నాకు నేనే వకీలునయ్యాను. రూలు పరీక్షకి చెప్పాను గానీ పుస్తకానికి చెప్పానా? అడిగింది స్పెల్లింగే కదా, చెప్పకపోతే మనిషి పడిపోతాడని నాకేం తెలుసు? ఇలా ఇంటి నాలుగు గోడలకీ వాదించి, గురువారం మధ్యాహ్నానికి వాదనలన్నీ అయిపోయి, వదిన ఇంటికి వెళ్ళాను.

ఆవిడ యూనిఫాంలు ఉతికి, ఇస్త్రీ చేసి, తిరిగిచ్చేయడానికి మడతలు పెడుతోంది. మూడు జతలు. పక్కన అట్ట వేసిన నోట్‌బుక్కూ ఉంది.

"రా అబ్బాయ్. ఏమన్నా తిన్నావా?" అంది.

"మర్చిపోయానని ఎందుకు చెప్పావు వదినా?"

"మరేం చెప్పను? నీ పేరెత్తితే నీ క్లాసు తీసేస్తారు. నువ్వు వదిలెయ్యమన్నావు, నేను వదిలేశాను. అందులో నీ తప్పేముంది?"

నిలదీసి నాలుగు దులిపేసినా బాగుండేది. నేను ఆ నోట్‌బుక్ తీసి తిప్పాను. పేజీల నిండా పెన్సిలు రాత. రోజూ తనంతట తను రాసుకుంది. ఈయన ఇవాళ రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు, ఆవిడ కూతురి కోసం ఏడ్చింది, అన్నీ ఇంగ్లీషులో. నేను క్లాసులో ఒక్కటీ చూడలేదు. తప్పులున్నాయా అంటే ఉన్నాయి, బోలెడు. అర్థం కాని వాక్యం ఒక్కటంటే ఒక్కటి లేదు.

"ఇంత రాస్తావు కదా, మరి ఆ ఒక్క మాట ఎలాగోలా రాసేయకపోయావా? ఒక ఓ రాసినా, పది ఓలు రాసినా నర్సుకి తెలిసేది కదా," అన్నాను. ఆ మాట ఎవరిని అడుగుతున్నానో నాకే తెలియలేదు.

వదిన చొక్కా మడత నలగకుండా చేత్తో నిమిరింది. "రాద్దామనే కూర్చున్నాను. ముందు ఆ నర్సమ్మకి చేత్తో ఊపి చూపించాను. ఆ పిల్లకి మన మాట రాదు కదా, నవ్వి, పుస్తకం చూపించింది, రాయమని. పెన్ను పట్టుకున్నాను. నువ్వు ఫోన్లో అలా అనేసరికి చెయ్యి ఆడలేదు. బోరింగు అన్నందుకే బోరింగమ్మ అన్నారు. ఇక లూజు తప్పు రాశానంటే లూజమ్మ అనరూ? పిచ్చిదని పేరు పెడతారు. అంత పుస్తకంలో, పదిమందీ చూసేచోట. అందుకని గుడ్డ కట్టాను. గట్టిగానే కట్టాననుకున్నాను అబ్బాయ్. పెద్దాయన నా మూలాన పడ్డాడు." మడత పెట్టిన చొక్కానే విప్పి మళ్ళీ మడత పెట్టింది.

నాకు అప్పుడు తగిలింది. ఆవిడ ఫోన్ చేసి నాతో రెండు సంగతులు చెప్పింది. రెయిలింగు ఊగుతోందని ఒకటి, ఓలు ఎన్నని ఒకటి. నా చెవికి ఓలే వినిపించాయి. ఆ రెయిలింగు సంగతి తెలిసి, దాన్ని నర్సులకి అర్థమయ్యేలా ఇంగ్లీషులో చెప్పగలిగిన మనిషి ఆ మధ్యాహ్నం ఆ బిల్డింగులో ఎవరయ్యా అంటే నేనే. మేట్రన్ గది ముందు నుంచే నడుచుకుంటూ వెళ్ళి, గంటసేపు కవలల గురించి చెప్పి, ఇంటికొచ్చి టీ తాగాను.

"రేపు నేనొచ్చి చెప్తాను వదినా."

"నోర్మూసుకో," అంది వదిన. మా ఇంటికి కాపురానికి వచ్చిన నాటి నుంచి ఆవిడ నన్ను అంత గట్టిగా అనడం అదే మొదలు. "నా పని ఎలాగూ పోతుంది. నీది కూడా ఎందుకు?"

శుక్రవారం భోజనాల హాల్లో కూర్చున్నాం. మేట్రన్, డ్రైవర్ గారి అమ్మాయి, వదిన, నేను. ఆ అమ్మాయి కళ్ళు వాచిపోయి ఉన్నాయి. ఆపరేషన్ అయిందనీ, పట్టుకుని వేసే నాలుగడుగులు కూడా ఇక వెయ్యలేడన్నారనీ చెప్పింది. అరవలేదు. అరిచి ఉంటే నేను ఇంకా దాక్కునేవాణ్ణేమో.

"ఆంటీ, మా నాన్న రోజూ మీ గురించే చెప్పేవాడు," అంది వదినతో. "ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది కదా. మీకు రాయడం రాదా?"

వదిన తల వంచుకుంది. "రాదమ్మా," అంది. "నాకు రాయడం రాదు. నాదే తప్పు."

నా ముందు, నేను వింటుండగా, ఆ మాట అంది. నేను ఎప్పుడు లేచి నిలబడ్డానో నాకు తెలియదు.

"వచ్చు," అన్నాను. "ఆవిడకి రాయడం వచ్చు. నాకు నేర్పిందే ఆవిడ."

"అబ్బాయ్, కూర్చో," అంది వదిన.

కూర్చోలేదు. ఫోన్ సంగతి చెప్పాను. వదిలెయ్యమన్నది నేనేనని చెప్పాను. బోరింగు జోకు చెప్పాను. చేత్తో పంపు కొట్టి చూపించిన సంగతి కూడా చెప్పాను. చెప్తుంటే అది ఎంత చచ్చు జోకో నాకు వినిపించింది. ఎవరూ నవ్వలేదు. బుధవారం ఇదే మేట్రన్ ముందు నోరు మూసుకుని థాంక్యూ చెప్పానని కూడా చెప్పాను. ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బల్ల అంచుని చూస్తూ చెప్పాను.

ఆ అమ్మాయి నన్నే చూస్తోంది. "అంటే రెండింటికే మీకు తెలుసు."

"తెలుసు."

"మూడింటికి ఇక్కడికే వచ్చారు."

"వచ్చాను."

"ఎవరికీ చెప్పలేదు."

ఆ మాట జవాబు కోసం అన్నది కాదు. మొహం తిప్పేసుకుంది. నేనెంత పెద్ద తిట్టు తిన్నా అంతలా ఎప్పుడూ ముడుచుకుపోలేదు.

మేట్రన్ చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చుంది. చివరికి, "ఆవిణ్ణి తియ్యడం లేదు. సోమవారం నుంచి డ్యూటీకి రావచ్చు. నోటితో చెప్పినవి రాసిపెట్టడానికి షిఫ్టుకి ఒక మనిషిని పెడతాను, అది నేను ముందే చేయాల్సింది. మీ క్లాసు మాత్రం ఇవాళ్టితో ఆఖరు," అంది. "మీరిప్పుడు చెప్పిందంతా ఇక్కడే రాసి సంతకం పెట్టండి. ఇంగ్లీషులో. ఫైలుకి కావాలి."

తెల్లకాగితం నా ముందు పెట్టింది. జేబు తడుముకుంటే ఎర్ర పెన్నే దొరికింది. మేట్రన్ దాన్ని చూసి, తన నీలం పెన్ను ఇచ్చింది.

నేను అనే ఒంటి అక్షరం రాశాను. ఇంగ్లీషులో దాన్ని ఎప్పుడూ పెద్దదిగానే రాయాలి. అక్కడ ఆగిపోయాను. తర్వాత ఏ మాట రాయాలి? కసిరాను అనా, నిరాకరించాను అనా, నిర్లక్ష్యం చేశాను అనా? ఒక్కోదానికీ ఒక్కో కవల వచ్చి నిలబడుతోంది. ఏది రాసినా నన్ను నేను కాస్త తక్కువ దోషిని చేసుకుంటున్నట్టే ఉంది. ముగ్గురు ఆడవాళ్ళు చూస్తున్నారు. పెన్ను కదలడం లేదు.

వదిన కుర్చీ ఇటు జరుపుకుంది. కాగితం మీదికి వంగి, నా భుజం మీద చెయ్యి వేసింది.

"ఏదో ఒకటి రాయి అబ్బాయ్," అంది మెల్లగా. "తర్వాత దిద్దుకుందాం."

కాగితం మీద అక్షరం మసకబారింది. కళ్ళు తుడుచుకుని రాశాను. ఆవిడ అడిగింది, నేను చెప్పలేదు అని రాశాను. చివర్లో స్పెల్లింగులు ఒకసారి చూసుకుందామని చెయ్యి ఆగింది. చూసుకోలేదు. సంతకం పెట్టి అలాగే ఇచ్చేశాను.